పాత పందిరి మంచము

మీ యింట పెండ్లీడు వచ్చిన ఆడపిల్ల యున్నయెడల ఈ లెక్క మీకు నేను చెప్పనక్కరలేదు. మంచము, పరుపు, బీరువా – ఈ మూడును లేకుండ పిల్లను అత్తవారింటికి పంపుట మన పల్లెలలో చిన్నతనముగా ఎంచబడుచున్నది. కట్నము అడుగుట 1961వ సంవత్సరపు చట్టముచేత నేరమైనది గాని, సామాను మాట వచ్చినప్పుడు, "మేమేమీ అడగలేదండి, మీ అమ్మాయికి మీరు పెట్టుకునేదే గదా" అందురు. తండ్రి తల వంచుకొని అప్పునకు పోవును.

గత సంవత్సరము డిసెంబరు చివర మా తమ్ముడు అట్లే పోబోయెను. పట్టణములోని ఒక అంగడిలో మంచమునకును బీరువాకును కలిపి 80,000 రూపాయలు చెప్పిరి. నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చువాడు సిద్ధముగానే యుండెను. అనగా నెలకు 1,600 రూపాయలు. ఏడాది తిరుగునప్పటికి 19,200. అసలు మాత్రము కదలక అట్లే కూర్చుండును. తమ్మునికి ఉన్నది ఎకరమున్నర సొంతపొలము, కొంత కౌలు. ఆ అప్పు తీరునప్పటికి అంగడివారు చూపిన ఆ మంచము ఉండునా అని నాకు అనుమానము. అది రంపపు పొట్టును జిగురుతో అదిమి పలకగా చేసి, పైన కర్రవలె కనబడు కాగితమంటించిన సరుకు. మన యిండ్లలో వారమునకు ఒకసారియైన నేల కడుగుదుము. ఆ పలక అంచున నీరు తగిలి లోపలికి దిగెనా, అటుకులు నానినట్లు ఉబ్బును. ఒకమారు ఊడిన మర మరల అదే చోట పట్టదు. అన్ని క్రొత్త సామానులు అట్టివే అని నేను చెప్పుట లేదు. మంచి కర్రతో చేయువారు నేటికిని ఉన్నారు. వారు చెప్పు వెల మా తమ్మునికి అందునది కాదు.

అప్పుడు అమ్మాయి నాయొద్దకు వచ్చెను. "పెదనాన్నగారూ, నా మంచం కోసం నాన్న అప్పుచేస్తే దానిమీద నాకు నిద్ర పడుతుందా? పాతది ఒకటి కొని మనమే బాగుచేసుకుందాం. తాతగారి పనిముట్లు మీ దగ్గరే ఉన్నాయిగా" అనెను. మా తండ్రిగారు వడ్రంగము చేసి మమ్మును పెంచిరి. నేను బడిపంతులనై, తమ్ముడు సేద్యములో పడి, ఆ చేతిపని ఇంటిలో ఆగిపోయినది. అయినను ఆయన ఉలులు, చిత్రిక, చేరంపము నా పెట్టెలో నూనెగుడ్డ చుట్టుకొని యున్నవి. చిన్ననాట ప్రక్కన కూర్చుండి చూచిన పని చేతికి పూర్తిగా రాకపోయినను కంటికి వచ్చును.

మా మరదలికి ఇది నచ్చలేదు. "బావగారూ, దానికేం తెలుసు? పాత మంచం పంపితే వియ్యపురాలు నలుగురిలో ఏమంటుంది? పైగా దానిమీద ఎవరు పోయారో ఏమో!" అని కన్నీరు పెట్టుకొనెను. రెండవ మాటకు జవాబు సులభము. మనము కాపురముండు పాత యిండ్లలో ఎవరును కన్ను మూయలేదా? మొదటి మాటకు నాయొద్ద జవాబు లేకుండెను. ఆమె భయము ఉత్త భయము కాదు. సామాను మాటమీద అత్తవారింట దెప్పుళ్లు పడిన ఆడపిల్లలను నేను ఎరుగుదును, మీరును ఎరుగుదురు. అనుభవించునది అమ్మాయి గనుక తీర్పు ఆమెకే విడిచిపెట్టితిమి. ఆమె ఆ సాయంకాలమే పెండ్లికుమారునికి ఫోను చేసి ఉన్నమాట ఉన్నట్లు చెప్పెను. "మంచం గట్టిగా ఉంటే చాలు. అమ్మతో నేను మాట్లాడతాను" అని అతడు అనెనట. మాట్లాడెనో లేదో మాకు చాలకాలము తెలియలేదు.

మొదటి వివాహప్రకటన ఆ వచ్చిన ఆదివారమే మందిరములో చదువబడినది. పెండ్లికి 25 దినములు మాత్రమే మిగిలెను.

మా గోదావరి జిల్లాలలో పూర్వము మండువా లోగిళ్లు ఉండెడివి. నాలుగు ప్రక్కలనుండి లోనికి వాలిన పెంకుటికప్పు, నడుమ ఆకాశమునకు తెరచిన వాకిలి, చుట్టును స్తంభములు గలవి. కొన్ని ఇప్పటికిని నిలిచియున్నవి గాని అనేకము పడగొట్టి డాబాలు కట్టుచున్నారు. పడగొట్టినవారు దూలములను, ద్వారబంధములను, తలుపులను ఘనపుటడుగుల లెక్కన అమ్ముదురు. వాటితోపాటు ఆ యింటి మంచములు, బల్లలు, పడక కుర్చీలు కూడ వచ్చి పడును. హైదరాబాదు చుట్టుప్రక్కల చదువరులకు గురువారపు జుమేరాత్ బజారు, ఎర్రగడ్డ ఆదివారపు సంత తెలిసే యుండును. ఎక్కడ కొన్నను పగటి వెలుతురులో కొనుడి. దీపపు వెలుగులో పాత కర్ర తన తప్పులు దాచుకొనును.

మేము వెళ్లిన చోట రెండు పందిరి మంచములుండెను. ఒకటి బహు అందమైనది. తలవైపు పలకమీద నెమళ్లు, తీగెలు చెక్కియున్నవి. మరదలి కన్ను దానిమీదనే నిలిచినది. దానిని చూచి ఆమె ముఖము మొదటిసారి విప్పారెను. రెండవది ఏ నగిషీ లేనిది, పైగా ఎవరో పచ్చ రంగు ముద్దగా పూసిరి. నేను నెమళ్ల మంచము క్రింద దూరి పట్టెలను వ్రేలితో తట్టితిని. సన్నని పొడి, గోధుమపిండివంటిది, నా చొక్కామీద రాలెను. చూడగా ఆవగింజంత రంధ్రములు పట్టె పొడుగునను ఉన్నవి. పుప్పి పట్టినది. పాత రంధ్రములున్నంత మాత్రమున కర్ర పనికిరాదని కాదు. పురుగు ఎప్పుడో వెళ్లిపోయి రంధ్రము మిగిలియుండవచ్చును. తెల్లని క్రొత్త పొడి రాలినదా, పురుగు ఇంకను లోపల కాపురమున్నదని అర్థము.

"పాలిషు వేస్తే ఏమీ కనపడదండీ" అని అమ్మువాడు చెప్పెను. కనబడదు, నిజమే. అయితే లోపలి పురుగు పాలిషునకు చావదు. ఏడాదికో రెండేండ్లకో తొలుచుకొని బయటికి వచ్చును. ఆ పొడి వియ్యపురాలి నేలమీద రాలును. నేనీ మాట అనగానే మరదలు నెమళ్లవైపు మరల చూడలేదు.

పచ్చ మంచము పట్టె అడుగున రంగు తగలని జానెడు చోటు కనబడెను. అమ్మాయి చాకుమొనతో అక్కడ గీచెను. మొన దిగలేదు. తేనెరంగు కర్ర బయటపడెను. ముక్కు దగ్గర పెట్టగా తోలువాసనవంటి వాసన వచ్చెను. అది చేవగల టేకు. టేకు చేవలో సహజముగా ఉండు నూనెలు, సారములు చెదలకు గిట్టవు. అందుచేతనే మన పెద్దలు దాని కొరకు అంత ప్రాకులాడిరి. అయితే ఈ గుణము చేవకే గాని, బెరడు దగ్గరి తెల్లకర్రకు లేదు. టేకు అని వినగానే కొనక, పట్టెలలో తెల్లని భాగమెంతయున్నదో చూచుకొనవలెను. మా మంచములో అడుగుచెక్క ఒకటి అట్టి తెల్లకర్రదే. దానిని చెదపురుగు సగము తినివేసెను. నాలుగు కోళ్ల అడుగులును ఏండ్ల తడికి మెత్తబడినవి. ఒక కంబము నిలువున చీలినది. వీటినన్నిటిని చూపి బేరమాడి 9,500 రూపాయలకు ముగించితిమి.

మంచము ఇంటిలోనికి తేలేదు. పాత మంచమనగానే నల్లులను తలంచుకొనవలెను. కొబ్బరితోటలోని ఖాళీ పాకలో దించి, మరలు విప్పి, కోళ్లను పట్టెలను వేరుచేసి, ప్రతి కుసికిని ప్రతి కుసి బెజ్జమునకును ప్రతి నెఱ్ఱెకును సలసల కాగిన నీళ్లు పోసితిమి. నల్లియు దాని గుడ్డును వేడికి తాళలేవు. దీనిలో ఇంకొక లాభము కలదు. పూర్వపు వడ్రంగులు కీళ్లకు వేసినది వజ్రము, అనగా పశువుల తోలు ఎముకలు కాచి తీసిన జిగురు. వేడినీటికి అది కరగి కీలు వదులగును. నేటి తెల్ల జిగురు అట్లు వదలదు. ఫెవికాల్ 1959లో వచ్చినది. అంతకు ముందు మన యిండ్లలోని సామానంతయు దాదాపుగా వజ్రముమీదనే నిలిచినది. పాత వజ్రమును పూర్తిగా గోకివేయక దానిమీదనే క్రొత్త జిగురు పూసినయెడల అది కర్రకు పట్టదు. తడిసిన కర్రను ఎండలో వేయరాదు, పగులును. నీడలో గాలి తగులునట్లు మూడు దినములు ఉంచితిమి.

ఇక రంగు తీయుట. ప్రియ చదువరీ, ఈ సంగతి మీరు మరచినను నేను చెప్పినవాటిలో మరి ఏదైనను మరువుడి గాని దీనిని మరువకుడి. పాత రంగులలో సీసము ఉండవచ్చును. పసుపు, నారింజ, ఆకుపచ్చ వన్నెల కొరకును, రంగు త్వరగా ఆరుట కొరకును దానిని కలిపెడివారు. మన దేశములో ఇండ్లకు వాడు రంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లకు మించరాదని 2016లో నియమము చేసి, 2017 నవంబరు 1వ తేదీనుండి అమలుపరచిరి. అంతకు ముందు వేసిన రంగును ఎవరును నమ్మజాలరు. పిల్లల మెదడును సీసము చెరుపును. ఇంతవరకైతే హాని లేదని చెప్పదగిన కొలత ఏదియు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ వారు చెప్పుచున్నారు. గర్భిణులకును అది చేటు.

ఊరిలో రంగులు వేయు కుర్రవాడు ఒకడు యంత్రము తెచ్చి గంటలో దుమ్ము లేపి శుభ్రము చేసిపెట్టెదననెను. మరియొకడు మంటతో కాల్చి గీకెదననెను. ఇద్దరును మేలు కోరి చెప్పినవారే. అయితే పొడిగా గీచిన దుమ్ము గాలిలో తేలి నేలమీద, బట్టలమీద పడును. కాల్చినప్పుడు సీసము పొగలో కలియును. మా యింట మూడేండ్ల మనుమడున్నాడు. వాడు చేతికి తగిలినదెల్ల నోటిలో పెట్టుకొను వయస్సు. ఆ పాకవైపు వాడు రాకుండ కాపు పెట్టి, నేలమీద ప్లాస్టిక్ పట్టా పరచి, మూతికి ఎన్-95 మాస్కు కట్టుకొని, రంగును నీటితో తడుపుచు తడుపుచు రేకుతో గీకితిమి. ఆరినచోట గీకలేదు. నాలుగు దినములు పట్టెను. గీకిన ముద్దను రెండు సంచులలో గట్టిగా మూట కట్టి పంచాయతీ చెత్తబండివారికి అదేమిటో చెప్పి ఇచ్చితిమి. పశువులు తిరుగు చోట గాని, నూతి గట్టున గాని పోయలేదు. పనిలో కట్టిన బట్టలు వేరుగా ఉదికి, చేతులు సబ్బుతో కడుగుకొనక మంచినీళ్లు కూడ త్రాగలేదు. కాస్టిక్ సోడాతో రంగు ఊడగొట్టవచ్చునని కొందరందురు. అది చేతులను కాల్చును, టేకును నల్లబరచును.

రంగు పోగానే అమ్మాయి నోట మాట రాలేదు. పచ్చ ముద్ద క్రింద ఇంత కర్ర దాగియున్నదని ఎవరు అనుకొందురు? మరదలు కూడ తోటలోనికి వచ్చి, కొంగుతో పట్టెను తుడిచి చూచి, ఏమియు అనక వెళ్లిపోయెను. మరునాటినుండి మాకు మధ్యాహ్నపు అన్నము పాకలోనికే వచ్చుచుండెను.

మెత్తబడిన కోళ్లను నాలుగింటిని రెండంగుళములు సమముగా కోసివేసితిని. అతుకు పెట్టుటకంటె ఇది తేలిక. మంచము ఎత్తు రెండంగుళములు తగ్గినందున ఎవరికిని నష్టము లేదు. అయితే కోయకమునుపు నాలుగింటిని ప్రక్కప్రక్కన పేర్చి ఒకే గీత గీయవలెను. ఒక్కొక్కదానిని విడివిడిగా కొలిచినయెడల మంచము తప్పక ఊగును. చీలిన కంబములోనికి సన్నని పుల్లతో జిగురు దింపి, సైకిలు ట్యూబును పొడుగు ముక్కలుగా కోసి బిగించి చుట్టి, ఒక దినము కదపలేదు. టేకు నూనెగల కర్ర గనుక జిగురు పూయుటకు ముందు ఆ చోట స్పిరిటు గుడ్డతో తుడువవలెను. చెద తిన్న అడుగుచెక్క స్థానమున ఊరి కోతమిల్లులో క్రొత్త చెక్క ఒకటి 1,400 రూపాయలకు కోయించితిమి. మంచమంతటికిని ఇదొక్కటే క్రొత్త కర్ర.

గరుకు కాగితముతో రుద్దు పని అమ్మాయిదే. మొదట 80 సంఖ్య కాగితము, తరువాత 120, తుదకు 220. కర్రలోని గీతలు సాగిన దిక్కునకే రుద్దవలెను. అడ్డముగా రుద్దిన గీరలు పాలిషు వేసిన తరువాతగాని కనబడవు, అప్పుడు చేయదగినదేమియు లేదు. ఈ పని వ్రాయుటకు రెండు వాక్యములు, చేయుటకు అయిదు దినములు. ఆమె అరచేతులు కమిలినవి. కాబోవు పెండ్లికూతురు ఇట్టి పని చేయుట ఇరుగుపొరుగు అమ్మలక్కలకు వింతగా తోచెను. ఒకామె, "పెళ్లికూతురుకి నలుగు పెట్టాల్సిన రోజుల్లో దుమ్ము పెడుతున్నారే" అని నవ్వెను. అమ్మాయియు నవ్వెను. చదువరీ, ఒక మాట. మీకు దొరికిన పాత వస్తువుమీద నగిషీ గాని దంతపు పొదుగు గాని ఉన్నయెడల గరుకు కాగితము దగ్గరకు రానీయకుడి. తెలిసినవానికి చూపుడి. గంటలో పోగొట్టినది వందేండ్లకును రాదు.

పాలిషునకు మేము లక్కనే ఎంచుకొంటిమి. మోదుగ, రేగు మొదలైన చెట్ల కొమ్మలమీద చిన్న పురుగులు తమ చుట్టు కట్టుకొను గూడే లక్క. దానిని కరగించి, వడగట్టి, పలుచని రేకులుగా సాగదీసి అమ్ముదురు. మన దేశములో జార్ఖండు రాష్ట్రమునుండి ఇది విస్తారముగా వచ్చుచున్నది. అనకాపల్లి జిల్లాలో వరాహనది ఒడ్డున ఏటికొప్పాకవారు అంకుడు కర్రతో చేయు బొమ్మలకు ఆ మెరుపు ఈ లక్కవలననే వచ్చినది. వారు తిరుగుచున్న కర్రకు రంగు కలిపిన లక్కను అదిమిపట్టగా ఆ వేడికే కరగి పట్టుకొనును. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది. మంచమునకు ఆ పద్ధతి కుదరదు గనుక లక్కను స్పిరిటులో కరగింపవలెను. లీటరు స్పిరిటునకు 150 గ్రాముల లక్కరేకులు వేసి, గాజుసీసాలో మూత పెట్టి, అప్పుడప్పుడు కదపుచు ఒక రాత్రి ఉంచి, పలుచని గుడ్డలో వడకట్టితిమి. ఆ స్పిరిటు విషము. నిప్పునకు ఇట్టే అంటుకొనును. వంటింటికి, దీపమునకు, బీడీకి దూరముగా ఉంచవలెను. కలిపిన లక్క ఏడాది గడచినదైతే సరిగా ఆరదు, జిగటగా నిలుచును. అందుచేత అంగడిలో ఏనాటిదో తెలియని సీసాను కొనుటకంటె కావలసినంత కలుపుకొనుట మేలు.

దూది ఉండను పాత మల్లుగుడ్డలో చుట్టి, లక్కలో ముంచి పిండి, ఆపకుండ ఒక చివరనుండి మరియొక చివరకు సాగదీయవలెను. నడుమ ఆగినచోట మచ్చ పడును. ఒక పూత ఆరుటకు గంట చాలును. అయితే మాది జనవరి మాసము, కోనసీమ మంచు. అమ్మాయి తెల్లవారకముందే మొదలుపెట్టెదనని తొందరపడెను. మంచు విడిచి కొబ్బరాకులు ఆరువరకు ముట్టనీయలేదు. తేమగాలిలో పూసిన లక్క క్రింద పాలపొరవంటి తెలుపు పట్టును. పది గంటలనుండి మూడు గంటలవరకే పూసి, అట్లు మూడు దినములలో ఎనిమిది పూతలు వేసితిమి. తుదకు మైనము రాచి మెత్తని గుడ్డతో తుడిచితిమి. అడుగువైపునను, గోడవైపు ఉండు పలక వెనుకను కూడ రెండేసి పూతలు వేయవలెనని నేను పట్టుపట్టితిని. కర్ర ఒక ప్రక్కనే తేమ పీల్చినయెడల వంగును. తమ్ముడు, "ఎవరు చూస్తారన్నయ్యా" అని విసుగుకొనెను గాని వేసెను.

బీరువా సంగతి చిన్నది. మన దేశములో గోద్రెజ్ వారు 1923లోనే ఉక్కు బీరువా చేసిరి. అప్పటినుండి దాని పోలికతో ఎన్నో వచ్చినవి. మంచి మందపు రేకుదైతే పాతదానిని సంశయింపనక్కరలేదు. అడుగున తుప్పు తిని రంధ్రము పడినదా, తలుపులు సమముగా మూసికొనుచున్నవా అని చూచి 6,000 రూపాయలకు కొంటిమి. తుప్పును తీగెబ్రష్షుతో తోమి, రెడాక్సైడు పూసి, ఆరిన తరువాత సీసము లేదని డబ్బామీద వ్రాసియున్న రంగు రెండు పూతలు వేసితిమి. ఇనుముమీద నారింజ వన్నెగల పాత పూత కనబడినయెడల అది సీసపు సింధూరము కావచ్చును. మంచమునకు పడిన జాగ్రత్తయే దానికిని పడవలెను. తాళము మాత్రము తప్పక మార్చవలెను. పాత తాళపుచెవులు ఎవరి చేతిలో ఉన్నవో మనకు తెలియదు.

లెక్క చెప్పెదను. మంచము 9,500, బండి కూలి 1,200, చెక్క 1,400, కాగితము, జిగురు, లక్క, స్పిరిటు, మాస్కులు, మైనము కలిపి 1,850. మంచము మొత్తము 13,950. బీరువా 6,000, రంగులు 1,650, తాళము 350, వెరసి 8,000. రెండును కలిపి 21,950 రూపాయలు. ధాన్యపు డబ్బులో సరిపోయినది. మా కూలి ఇందులో లేదని మీరందురు. నిజమే, లేదు. సంక్రాంతి పని ముగిసి పొలములో తీరిక దొరికిన దినములు గనుక మాకు చెల్లినది. కూలి పోగొట్టుకొని ఈ పనికి కూర్చుండువారికి ఈ లెక్క వేరుగా ఉండును. పరుపు మాత్రము క్రొత్తదే కొంటిమి. పాత పరుపు, పాత దిండు ఎంత చౌకగా వచ్చినను కొనకుడి. వాటిలోని నల్లులను వేడినీటితో వదిలింపలేరు. ఉబ్బిన పలకసామానును కూడ కొనకుడి. దానిని బాగుచేయు విద్య మా తండ్రిగారికిని తెలియదు.

పెండ్లికి రెండు దినములు ముందుగా సామాను ట్రాక్టరుమీద వెళ్లినది. మేమును వెంట వెళ్లితిమి. వరుని మేనత్త గుమ్మములోనే నిలిచి, "పందిరిమంచమా! ఇప్పుడెవరు వాడుతున్నారమ్మా ఇవి? పాతదే గదా" అనెను. మరదలి చేయి నా ప్రక్కన వణకుట చూచితిని. అమ్మాయి అక్కడ లేదు, అందుకు సంతోషించితిని. వియ్యపురాలు ఏమియు మాటలాడలేదు. మంచము బిగించువరకు కుర్చీలో కూర్చుండి చూచెను. తరువాత లేచి కంబమును చేతితో నిమిరెను. వంగి పట్టె అడుగున చేయి పెట్టెను. గోడవైపు పలక వెనుక కూడ చేయి పోనిచ్చి చూచెను.

"వెనక కూడా పూశారే" అనెను. "ఎవరు చేశారు?"

"మా అమ్మాయి చేసిందండీ. వాళ్ల పెదనాన్నగారు చూపించారు" అని మరదలు చెప్పెను. ఆమె గొంతు గట్టిగానే పలికినది.

"మావాడు చెప్పాడు. నేను నమ్మలేదు" అని ఆమె లోపలికి వెళ్లి మాకు కాఫీ తెప్పించెను. మేనత్త ఆ పూటంతయు ముఖము ముడుచుకొనియే యుండెను. ఇప్పటికిని ఆ మంచము మాట వచ్చినప్పుడు ఆమె ఏదో ఒకటి అనుచునే యున్నదట.

నాలుగు మాసముల తరువాత అమ్మాయి ఫోను చేసెను. వానలు మొదలైనవి, ఒక కోడు దగ్గర మర కొంచెము వదులై కిర్రుమనుచుండగా తానే బిగించుకొన్నదట. దోమతెర కంబములకు చక్కగా అమరినదట. అయితే అత్తగారు వేడి కాఫీ గ్లాసు తలవైపు పలక అంచుమీద పెట్టగా తెల్లని చక్రము పడినది. ఆమె చాల నొచ్చుకొనుచున్నారు, ఏమి చేయవలెనని అడిగెను. లక్క వేడికి అట్లు తెల్లబడును, కర్రకు ఏమియు కాలేదని చెప్పితిని. ఎండ బాగుగా వచ్చిన దినము చూచి, మెత్తని గుడ్డకు నాలుగు చుక్కల స్పిరిటు అద్ది, చేతికి తడి తెలియనంతగా పిండి, చక్రముమీద ఒక్కసారి తేలికగా పోనిమ్మని, రెండవసారి పోనీయక గంటసేపు ఆగి చూడుమని చెప్పితిని.